‘చూసుకుంటున్నాం’ అన్న మాటలో ఎవరున్నారు?

(తిరుపతిలో వృద్ధులు, వారి కుటుంబాల కోసం జరిగిన ఒక సమావేశంలో విశ్రాంత బ్యాంకు ఉద్యోగి ఒకరు చేసిన ప్రసంగం. మాటల్లో మళ్లీ మళ్లీ దొర్లినవి మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలకు వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకు కౌంటరు అద్దం వెనక నుంచి అరిచిన గొంతు ఇది, మైకు లేకపోయినా ఇబ్బంది లేదు. (నవ్వులు)

నాకంటే ముందు మాట్లాడిన డాక్టరుగారు జబ్బు గురించి వివరంగా చెప్పారు. మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన మెల్లగా దెబ్బతినే జబ్బు, ఉందని 2023లో వచ్చిన అధ్యయనం లెక్క కూడా చెప్పారు. ఆ 88 లక్షల్లో మా నాయన ఒకడు. నేను చెప్పబోయేది ఆయన ఒక్కడి సంగతే. 2022లో ఆయన్ను ఇంటి నుంచి తీసుకెళ్లి ఒక సంరక్షణ కేంద్రంలో చేర్చాం. ఆ నిర్ణయం దాకా ఎట్లా వచ్చాం, ఎక్కడెక్కడ తప్పు చేశాం, అంతవరకే చెప్తాను.

‘చేర్చాం’ అన్నాను. మా చుట్టాల్లో ఎవరూ ఆ మాట అనరు. ఆస్పత్రిలో చేర్చినారంటారు, హాస్టల్లో చేర్చినారంటారు. ఇది మాత్రం ‘నాయనను హోమ్‌లో వేసేసినారంట’ అంటారు. జైల్లో వేస్తారు, చెత్తబుట్టలో వేస్తారు, హోమ్‌లో వేస్తారు. నిజం చెప్పాలంటే ఆ ఒక్క మాటకు జడిసి మేం రెండేళ్లు ఆలస్యం చేశాం.

మా నాయన పుట్టింది పాకాల పక్కన ఒక పల్లెలో, 1938లో. ఆర్టీసీ డ్రైవరు. సర్వీసులో ఎక్కువ కాలం కొండ బస్సే నడిపాడు. ఈ ఊరివాళ్లకు ఘాట్ రోడ్డు గురించి నేను చెప్పక్కర్లేదు. దిగే దారి 1944 నాటిది, 36 మలుపులు. ‘బ్రేకు మీద దిగేవాడు డ్రైవరు కాదురా, గేరు మీద దించాల’ అనేవాడు. 1996లో రిటైరైనాడు. ఒక్క యాక్సిడెంటు కూడా లేదని తోటివాళ్లు సన్మానం చేసి ఒక శాలువా కప్పారు. ఆకుపచ్చ శాలువా, జరీ అంచు. దాని గురించి మళ్లీ చెప్తాను.

జబ్బు 2017లో బయటపడింది. పేర్లు మరచిపోవడంతో కాదు, డబ్బుతో. అప్పట్లో రిటైరైన ఆర్టీసీ వాళ్లకు గవర్నమెంటు పింఛను లేదు, ఈపీఎస్ పింఛనే, అంటే ప్రావిడెంట్ ఫండు ఆఫీసు ఇచ్చేది. మా నాయనకు నెలకు రెండు వేల చిల్లర. ఆ పాసుపుస్తకాన్ని బియ్యం డబ్బాలో తనే దాచి, మా ఆవిడ దొంగిలించిందని వీధిలోకి పోయి అరిచాడు. ముప్పై ఏళ్లు ఆమె చేతి కాఫీ తాగిన మనిషి, నలుగురు వింటుండగా ‘నా కోడలు దొంగది’ అన్నాడు. అది జబ్బు లక్షణమని, ఎవరు దగ్గరుండి చూస్తారో తరచుగా వాళ్ల మీదే ఆ అనుమానం పడుతుందని తర్వాత తెలిసింది. ఆ రోజు నాకు తెలియదు. ఆ రోజు సాయంత్రం నేను మా ఆవిడనే అడిగాను, ‘నువ్వేమైనా తీసి పెట్టినావా’ అని.

అవును, అడిగాను. ఆమె ఇక్కడే మూడో వరసలో కూర్చుని ఉంది, నేను దాచలేను.

డాక్టరు దగ్గరకు పోవడానికి ఇంకో ఏడాది పట్టింది. ముసలితనం కదా అనుకున్నాం. మీరు ఆ ఏడాది పోగొట్టుకోకండి. బి12 తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా, కిందపడి తల లోపల రక్తం చేరినా, మనసు బాగా కుంగిపోయినా ఇట్లాంటి లక్షణాలే కనిపించవచ్చు. వాటికి వైద్యం ఉంది. మా నాయనకు ఆ పరీక్షలన్నీ చేసి, ఎమ్మారై తీసి, డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్ అన్నారు, దానితో పాటు బీపీ వల్ల మెదడులో రక్తనాళాలు కూడా దెబ్బతిన్నాయన్నారు. డోనెపెజిల్ అనే మాత్ర రాశారు. ‘ఇది జబ్బును ఆపదు, కొన్నాళ్లు కొంచెం మెరుగ్గా ఉండొచ్చు, అంతే’ అని దాపరికం లేకుండా చెప్పారు. ఆ డాక్టరుకు నేను రుణపడి ఉన్నాను. అబద్ధం చెప్పి ఉంటే ఇంకో నాలుగు ఊళ్లు తిరిగేవాళ్లం.

అక్కడి నుంచి నాలుగేళ్లు. ఎవరడిగినా ఒకటే జవాబు. ‘నాయన ఎట్లున్నాడు?’ ‘ఇంట్లోనే చూసుకుంటున్నాం.’ ఆ ‘చూసుకుంటున్నాం’ చివర ఒక సున్నా ఉంది చూడండి, అది భలే పని చేస్తుంది. అందులో నేనున్నాను, చెన్నైలో ఉన్న మా చెల్లెలు ఉంది, ఊర్లో ఉన్న చిన్నాయన కూడా ఉన్నాడు. పని చేసేది మాత్రం ఒక్క మనిషి. నేను పొద్దున తొమ్మిదికి బయటపడితే రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరేవాణ్ని. చెల్లెలు ఆదివారం వీడియో కాల్ చేసేది. చిన్నాయన సంక్రాంతికి వచ్చి, చెనక్కాయల మూట దించి, ‘మాయన్న బాగానే ఉండాడే’ అని పోయేవాడు. ఆ పూట బాగానే ఉండేవాడు కూడా. ఈ జబ్బులో అదో తమాషా. కొత్త మనిషి వస్తే గంటసేపు ఎక్కడి నుంచో ఓపిక తెచ్చుకుని మామూలుగా మాట్లాడతారు. ఆ గంట చూసినవాళ్లు మిగతా 23 గంటల సంగతి చెప్తే నమ్మరు.

ఆ 23 గంటల్లో ఏముంటుందో ఒకట్రెండు చెప్తాను. స్నానం. కోడలు ఒంటి మీద చెయ్యి వేస్తే ఆయనకు సిగ్గు. అన్నీ పోయినా ఆ సిగ్గు పోలేదు. చెంబు విసిరేవాడు, కొట్టేవాడు. మగమనిషిని పెట్టాం. నాలుగు నెలల్లో ముగ్గురు మారారు. ఒకతను నైట్ డ్యూటీ మధ్యలో చెప్పకుండా వెళ్లిపోయాడు. ఇక రాత్రుళ్లు. మూడు గంటలకు లేచి ‘ఫస్ట్ ట్రిప్పు’ అనేవాడు. బీరువా మీద దెబ్బలు, ఖాకీ చొక్కా ఏదని. ఒకసారి తలుపు గడియ మరచిపోయాం. మా ఇల్లున్న కొర్లగుంట నుంచి నడుచుకుంటూ బస్టాండుకు పోయి, కొండకు పోయే బస్సులో డ్రైవరు సీటెక్కి కూర్చున్నాడు. ఆ బస్సు డ్రైవరు ఏమీ అనలేదట. టీ తెప్పించి, జేబులో ఉన్న చీటీ చూసి నాకు ఫోన్ చేశాడు. ‘సార్, మీ నాయన సీటు దిగమంటే దిగలే, రిలీవర్ వచ్చినాడు పెద్దాయనా అంటే అప్పుడు దిగినాడు’ అన్నాడు. అన్ని పుస్తకాలు చదివిన నాకు తట్టని మాట అది. రెండోసారి అంత అదృష్టం లేదు. రేణిగుంట రోడ్డు మీద, లారీల మధ్య దొరికాడు, చెప్పులు కూడా లేకుండా.

చీటీ సంగతి రాసుకోండి. పేరు, ఫోన్ నంబరు, చొక్కా జేబులో కాదు, చొక్కా లోపలివైపు కుట్టించండి. తలుపు గడియ మనిషి చూపు పడే ఎత్తులో కాకుండా బాగా పైన పెట్టించండి.

నేను 2021లో రిటైరయ్యాను. ఇక ఇంట్లోనే ఉంటాను కాబట్టి అన్నీ సర్దుకుంటాయి అనుకున్నాను. అనుకుని పేపరు చదువుకున్నాను. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ, మగవాళ్లు కొందరు తల దించుకున్నారు కూడా, ఇక్కడి నుంచి కనిపిస్తోంది.

2022 జనవరిలో మా పాపకు తొలి కాన్పు. తొలి కాన్పు పుట్టింట్లో చేయాలి. పుట్టింట్లో బిడ్డకు చోటు లేదు, నిద్ర లేదు, ఎప్పుడు ఏ చెంబు ఎగిరొస్తుందో తెలియదు. అందుకని మా ఆవిడే బెంగళూరు పోయింది, మూడు వారాలకు. నేను, నాయన, ఇద్దరమే.

మొదటి రోజు గర్వంగా గడిచింది. సంగటి చేయడం రాదు, ఉప్మా చేశాను, తిన్నాడు. మధ్యాహ్నం నుంచి మొదలైంది. ‘ఇంటికి పోదాం పదరా.’ ‘ఇదే ఇల్లు నాయనా.’ ‘ఇదా? ఇది ఎవురిదో. మాయమ్మ ఎదురు చూస్తా ఉంటాది.’ ఆ అమ్మ 1971లో పోయింది. పొద్దు గూకే వేళకు ఈ జబ్బున్న చాలామందికి గాభరా ఎక్కువవుతుంది. ఆ సాయంత్రం ఎన్నిసార్లు అడిగాడో లెక్క పెట్టాలని చూసి, నలభై దాటాక వదిలేశాను. ‘సొంత ఇంట్లో కన్నుమూయాలని ఆయన కోరిక’ అంటూ మేం ఎన్ని మాటలు చెప్పేవాళ్లమో. ఆయన దృష్టిలో అది సొంత ఇల్లే కాదు. పాకాల పక్కన, ఎనభై ఏళ్ల కింద కూలిపోయిన పూరిల్లు ఆయన ఇల్లు. అక్కడికి ఎవరు తీసుకెళ్లగలరు?

రెండో రాత్రి నిద్ర లేదు. మూడో రాత్రి, మూడున్నరకు, పంచె తడుపుకుని, మార్చనివ్వకుండా, నా చెయ్యి కొరికాడు. నేను కొట్టాను. చెంప మీద.

ఆయన ఏడవలేదు. అటెన్షన్‌లో నిలబడి, ‘టైముకే వచ్చినా సార్, రాసుకోండి’ అన్నాడు. నన్ను బస్టాండులో డ్యూటీ టైము రాసుకునే కంట్రోలరు అనుకున్నాడు.

నాలుగో రోజు పొద్దున మా ఆవిడకు ఫోన్ చేశాను. క్షమించమందామని చేశాను గానీ నోటికి రాలేదు. ‘ఇన్నేళ్లు ఎట్లా చేసినావు?’ అని అడిగాను. అటు నుంచి చంటిబిడ్డ ఏడుపు. ‘మందుల డబ్బా మూతకు లోపల కాగితం అంటించి ఉంది, ఏ పూట ఏది అని. అది చూసి వేయండి’ అంది. ఇంకేం అనలేదు. ఆమె నడుము అప్పటికే దెబ్బతిని ఉంది, బీపీ మాత్ర మొదలుపెట్టి రెండేళ్లయింది. ఆ సంగతి కూడా నాకు ఆ డబ్బా మూత చూస్తేనే తెలిసింది. ఆయన మాత్రల పక్కనే ఆమె మాత్రలు రాసి ఉన్నాయి.

ఆ మార్చిలో అందరం కూర్చున్నాం. చిన్నాయన వచ్చాడు. ‘కన్నతండ్రిని ఇడిసిపెట్టినోడని రేపు ఊర్లో తలెత్తుకుంటావా?’ అన్నాడు. తప్పుపట్టను. ఆయన తరానికి అట్లాంటి చోట్లంటే దిక్కులేనివాళ్లు ఉండేవి. చెల్లెలు ఫోన్లో, ‘అన్నా, 2007 చట్టం ఉంది, నేను కేసు పెడతా’ అంది. కోపంలో అన్న మాటే, కానీ నేను బ్యాంకువాణ్ని, చట్టం అంటే చదవకుండా ఉండలేను. తెలిసిన వకీలు దగ్గరకు పోయి కూర్చున్నాను.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007. అందులో 24వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాల్సిన బాధ్యత ఉన్నవాళ్లు పెద్దవాళ్లను పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా వదిలేస్తే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వదిలించుకునే ఉద్దేశంతో, అది ముఖ్యం. డబ్బు కడుతూ, వచ్చిపోతూ, సంరక్షణ కోసం చేర్చడం అది కాదు. నాకు మాత్రం ఇంకో చోట చూపు ఆగింది, మొదట్లోనే, నిర్వచనాల దగ్గర. ‘పిల్లలు’ అంటే ఎవరు? కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. అంతే. కోడలు లేదు. చట్టం బాధ్యత పెట్టిన నలుగురిలో లేని మనిషే మా ఇంట్లో మొత్తం బాధ్యత మోసింది.

అది చెల్లెలికి ఫోన్లో చదివి వినిపించాను. ‘నువ్వున్నావు, నేనున్నాను, మీ వదిన పేరు లేదమ్మా’ అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, నెలకు 15,000 పంపిస్తా అంది. ఇప్పటికీ ఒకటో తేదీ దాటనివ్వదు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి చెప్తాను. కొర్లగుంట ఇల్లు నాయన పేరు మీద ఉంది. దాని మీద అప్పు తీసుకుందామనుకున్నా, అద్దెకిచ్చి చిన్న ఇంటికి మారదామనుకున్నా ఆయన సంతకం కావాలి. 2015లో నా పేర రాసిన పవర్ ఆఫ్ అటార్నీ ఉంది కదా అని ధీమాగా ఉన్నాను. వకీలు తల అడ్డంగా ఊపాడు. రాసిచ్చిన మనిషికి మతి స్థిమితం పోతే, ఇచ్చిన అధికారం కూడా పోతుంది, కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్. ఇన్నేళ్లు బ్యాంకులో చేసి ఇది నాకే తెలియకపోతే మీకు తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ దశ వచ్చాక సంరక్షకుడిగా కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకోవాల్సిందే. కాబట్టి జబ్బు మొదట్లో, మనిషికి ఇంకా తెలివి ఉండగానే, వీలునామా, జాయింటు ఖాతా లాంటివి ఆయన చేతే, ఆయనకు ఇష్టమైనట్టు చేయించుకోండి. ‘ఇప్పుడే అడిగితే బాధపడతాడేమో’ అని మేం ఆగాం. బాధపడగలిగే శక్తి ఉన్నప్పుడే అడగాల్సింది.

మేం తిరిగిన చోట్ల 2022లో నెలకు 25,000 నుంచి 60,000 దాకా చెప్పారు. డైపర్లు, మందులు, ఆస్పత్రి ఖర్చు వేరు. తక్కువ మొత్తం కాదు. కట్టలేనివాళ్లు ఇక్కడ ఉన్నారని నాకు తెలుసు, వాళ్లకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడేది, ప్రభుత్వం పెట్టవచ్చని ఆ చట్టం 19వ సెక్షన్‌లోనే ఉంది. ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేస్తే మన చుట్టుపక్కల ఏముందో చెప్తారు, అది ఉచితం. అసలు మామూలు వృద్ధాశ్రమం వేరు, డిమెన్షియా మనిషిని చూసుకునే చోటు వేరు. మేం అడిగిన చాలా ఆశ్రమాల్లో ‘తన పనులు తను చేసుకోగలగాలి’ అన్నారు. తన పనులు తను చేసుకోగలిగితే మేమెందుకు వస్తాం?

మొదట చేర్చిన చోటు తప్పు. ఊరి పేరు, సంస్థ పేరు చెప్పను. ఫొటోలు బాగున్నాయి, గ్రానైట్ ఫ్లోరు, లాన్, ఏసీ. మేం పోయింది పొద్దున పదకొండింటికి, ముందే ఫోన్ చేసి. అప్పుడు ఏ చోటైనా బాగానే ఉంటుంది. అక్కడ పనిచేసే పిల్లలు దూరపు రాష్ట్రాలవాళ్లు, మంచివాళ్లే, తెలుగు రాదు. మా నాయన ‘ఒంటికి, ఒంటికి’ అనేవాడు. మనకు తెలుసు, ఒంటికి పోవాలని. ఎవరో సగం తెలుగు వచ్చినవాడు ఒళ్లు అనుకున్నాడు కాబోలు, దుప్పటి కప్పేవాడట. కప్పిన దుప్పటి తడిసేది. తడిపినందుకు గొడవ. ఈ జబ్బులో చాలామందికి తర్వాత నేర్చుకున్న భాషలు ముందు పోతాయి, చిన్నప్పటి మాట ఎక్కువ కాలం మిగులుతుంది. మా నాయనకు తమిళం ధారాళంగా వచ్చేది, అదంతా పోయింది. మిగిలింది పాకాల పల్లె తెలుగు. ఆ మాట అర్థమయ్యే మనిషి పక్కన లేకపోతే గ్రానైట్ ఫ్లోరు దేనికి?

పదిహేనో రోజున ఉన్నట్టుండి కేకలు, గోడ మీద ఎవరో ఉన్నారని చూపించడం. వాళ్లు మనిషిని మత్తుగా ఉంచే యాంటీసైకోటిక్ మాత్ర, అంటే తీవ్రమైన మానసిక జబ్బులకు వాడే రకం, ఇచ్చారు. 19వ రోజు మేం పోయేసరికి నోటి నుంచి చొంగ, ఒళ్లు కర్రలాగా బిగుసుకుపోయి, నన్ను కాదు, వెలుతురును కూడా గుర్తుపట్టని స్థితి. అక్కడి నుంచి నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లాం. మూత్రంలో ఇన్ఫెక్షన్. దానికి మందు పడితే వారంలో ఆ కేకలు పోయాయి. ఇది గుర్తుపెట్టుకోండి, డిమెన్షియా నెలల మీద, ఏళ్ల మీద ముదురుతుంది. రెండు రోజుల్లో మనిషి మారిపోతే అది డిమెన్షియా ముదరడం కాకపోవచ్చు, ఇన్ఫెక్షనో, మలబద్ధకమో, కొత్త మందో, నీళ్లు తాగకపోవడమో చూడాలి. ఆ రకం మాత్రలు డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణం ముప్పు పెంచుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరిక వేయించింది. ఎప్పుడూ ఇవ్వకూడదని కాదు, డాక్టరు చూసి, ఇంటివాళ్లకు చెప్పి, తక్కువ రోజులు ఇవ్వాలి. మాకు చెప్పనే లేదు.

ఇంటికి తీసుకొచ్చాం. చిన్నాయన ఏమీ అనలేదు, ఒక చూపు చూశాడు. ‘ఇక ఎక్కడికీ పంపొద్దు’ అన్నాను నేను. అప్పుడు మా ఆవిడే, మొదటిసారి, ‘మళ్లీ వెతుకుదాం’ అంది. నాకు కోపం వచ్చింది. ఎందుకు వచ్చిందో తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. ‘ఎక్కడికీ పంపొద్దు’ అని మంచివాణ్ని అయ్యేది నేను, ఆ మంచితనానికి పని చేసేది ఆమె.

రెండోసారి వెతికినప్పుడు మేం పోయింది సాయంత్రం ఆరు తర్వాత, చెప్పకుండా. పొద్దు గూకాక అక్కడ ఎవరు కేకలేస్తున్నారో, ఆ కేకకు మాత్ర వస్తోందా మనిషి వస్తున్నాడా చూశాం. ముక్కుతో కూడా చూశాం, ఉచ్చ వాసన ఎంతసేపు ఉంటోందో. రాత్రి ఎంతమందికి ఎంతమంది అని అడిగాం. నెలనెలా బరువు చూసి రాస్తారా, ఆ పుస్తకం చూపిస్తారా అని అడిగాం. మంచాన పడితే ఉంచుకుంటారా, పంపేస్తారా, ఇది అడగడానికి నోరు రాదు గానీ అడిగే తీరాలి. మింగడం కష్టమైన రోజు ఎట్లా తినిపిస్తారో మా ఆవిడ అడిగింది, నాకు ఆ ప్రశ్నే తోచలేదు. కొన్నిచోట్ల ‘మొదటి నెల మీరు రావద్దు, అలవాటు పడనివ్వండి’ అన్నారు. అందులో న్యాయం ఉందేమో, నేను ఒప్పుకోలేకపోయాను. ‘ఎప్పుడైనా రండి, వంటింట్లోకి కూడా రండి’ అన్న చోటు తీసుకున్నాం. చంద్రగిరి దారిలో, చిన్నది, రేకుల వరండా, పద్నాలుగు మంది. వంట చేసే ఆమెది పాకాల పక్క ఊరే. రాగి సంగటి, ఊరిబిండి. ఏసీ లేదు.

ఏమని చెప్పి తీసుకెళ్లాలి? ‘నిజం చెప్పాల్సిందే’ అనుకునే మనిషిని నేను. చెప్పి చూశాను, అర్థం కాలేదు, గాభరా పడ్డాడు, అరగంటకు గాభరా మిగిలి కారణం పోయింది. చివరికి మా ఆవిడే ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసి వేసింది. ‘మామా, ఈ రోజు నైట్ అవుట్ అంట మీకు’ అంది, అంటే రాత్రి బయట పడుకునే డ్యూటీ. ‘ఔనా, యాడికి?’ అన్నాడు. లేచి బయల్దేరాడు. ఇప్పటికీ ఆయన దృష్టిలో అది డ్రైవర్ల రెస్ట్ రూము. రాత్రి పడుకునే ముందు పక్క మంచం పెద్దాయనకు ‘ఫస్ట్ ట్రిప్పుకు లేపు’ అని చెప్తాడు. ఆయన రిటైరైన హెడ్ మాస్టరు, ‘హోంవర్క్ చేసినావా?’ అని అడుగుతాడు. ఇద్దరికీ బాగా కుదిరింది. (నవ్వులు)

ఆ ఆకుపచ్చ శాలువా కూడా పంపాం. మొదటి వారమే పోయింది. ఉతకడానికి వేస్తే ఇంకెవరి బట్టల్లోనో కలిసిపోయింది. నేను గొడవకు దిగాను. నాయన మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. మూడు నెలల తర్వాత వేరే ముసలామె భుజాల మీద కనిపించింది. బాగా వెచ్చగా కప్పుకుని ఉంది. అడగాలనిపించలేదు, వచ్చేశాను.

అంతా బాగుందని చెప్పడం లేదు. గత ఏడాది పడి తుంటి ఎముక విరిగింది. ఇంట్లో ఉన్నా పడేవాడేమో, పడేవాడు కాదేమో. ఇప్పుడు 87 ఏళ్లు, మెత్తగా కలిపితేనే తింటాడు. నేను వారానికి మూడుసార్లు పోతాను, నీళ్లు పోయడం నేర్చుకున్నాను. నన్ను ‘కండక్టరు’ అంటాడు. ప్రమోషనే, మొదట్లో ప్యాసింజర్ని. (నవ్వులు)

సమయం అయిపోయిందంటున్నారు. ఒక్క ప్రశ్న తీసుకుంటాను. అక్కడ, కిటికీ పక్కన పెద్దాయన.

(సభలో ఒకరు: ‘బాబూ, నాకు 78. నువ్వు కొడుకువైపు నుంచి చెప్పినావు. రేపు నాకే వస్తే మా పిల్లలకు నేనేం చెప్పిపోవాల?’)

మంచి ప్రశ్న అడిగారు, నాయనా. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ముందస్తు ఆదేశం అని ఒకటి ఉంది. రేపు నాకు తెలివి లేని రోజు వస్తే నన్ను ఎట్లా చూడాలి, ఎట్లా చూడకూడదు, నా తరఫున ఎవరు మాట్లాడాలి, ఇవన్నీ తెలివి ఉన్న రోజే రాసిపెట్టుకోవచ్చు. అది వకీలును అడిగి చేసుకోండి. అది కాక నేను ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. నా కాఫీలో చక్కెర అర చెంచా. ఫ్యాను రెండో నంబరులో ఉండాలి. గడ్డం రోజూ గీయకపోతే నాకు చిరాకు. పాత పాటలు పెట్టండి, టీవీ వార్తలు పెట్టకండి. పెద్దగా అరిస్తే ముందు ఒంటికేమో అడగండి. నన్ను చూసుకోవడానికి ఒక్క మనిషే మిగిలిన రోజున, ఆలస్యం చేయకుండా, ఎవరేమంటారో చూడకుండా నన్ను మంచి చోట చేర్చండి. కింద సంతకం, తేదీ.

బల్ల మీద పెట్టి, మా ఆవిడను చదవమన్నాను. చదివి, పెన్ను తీసుకుని నా సంతకం కింద రాసింది: ‘నావి కూడా ఇవే. చక్కెర ఒకటిన్నర చెంచా. ముందు నాకే వస్తే ఈయనకు అన్నం వార్చడం కూడా రాదు.’

అందుకని జూన్ నుంచి మధ్యాహ్నం వంట నాది. చారు పర్వాలేదు అంటోంది. సంగటి ఇంకా ఉండలు కడుతోంది.